ఒక సూది మందు, రెండు లెక్కలు

చిటికెన వేలంత గాజు ఆంపూల్. లోపల నీళ్ళలాంటి ద్రవం ఒక్క మిల్లీలీటరు. పైన చిన్న అక్షరాల్లో అట్రోపిన్ సల్ఫేట్ అనీ, 0.6 మిల్లీగ్రాములు అనీ ఉంటుంది. పాతకాలపు గ్రెయిన్ కొలతలో ఇది నూరో వంతు. గ్రెయిన్లు పోయి చాలాకాలమైనా ఆ వింత అంకె మాత్రం మన ఆంపూళ్ళ మీద అలాగే మిగిలిపోయింది. ఎమర్జెన్సీ ట్రేలో అడ్రినలిన్ పక్కన ఈ మందు లేని ఆసుపత్రి ఉండకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలోనూ, మన జాతీయ జాబితాలోనూ దీనికి చోటుంది.

గుండె మరీ నెమ్మదించి, బీపీ పడిపోయి, సోలిపోతున్న మనిషికి ఈ మందు ఇస్తే మొత్తం కలిపి 3 మిల్లీగ్రాములు దాటొద్దని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. మన లెక్కలో ఐదు ఆంపూళ్ళు. అదే వార్డులో పక్క మంచం మీద పురుగుమందు తాగిన మనిషి ఉన్నాడనుకోండి. అతనికి ఆ ఐదు ఆంపూళ్ళు మొదటి మోతాదు మాత్రమే. తెల్లారేసరికి అవి వందలకు చేరవచ్చు. ఒకరికి గరిష్ఠమైనది మరొకరికి ఆరంభం. మందు అదే, సీసా అదే, ఇచ్చే చెయ్యీ అదే. మారేది మంచం మీది మనిషే. అట్రోపిన్ వాడకంలోని భద్రత అంతా ఈ తేడా పట్టుకోవడంలోనే ఉంది. ఉత్తర తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల లాంటి ఊళ్ళలో ఈ రెండు లెక్కలూ తెలియకుండా క్యాజువాలిటీలో ఒక్క రాత్రి డ్యూటీ కూడా గడవదు.

గుండెకు తన సొంత లయ ఉంది. నరాల ఆజ్ఞలేవీ లేకపోతే యువకుడి గుండె నిమిషానికి వంద సార్ల దాకా కొట్టుకుంటుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు అది డెబ్బై దగ్గర ఉంటోందంటే, మెదడు నుంచి మెడ మీదుగా దిగివచ్చే వాగస్ నరం దాన్ని అదుపులో పెట్టినందువల్లే. ఎడ్ల బండికి పగ్గంలా అన్నమాట. అట్రోపిన్ ఎద్దును కొరడాతో అదిలించదు. పగ్గం వదిలేస్తుంది, అంతే. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఆ మందు ఎప్పుడు పనిచేస్తుందో, ఎప్పుడు చేయదో సగం తెలిసినట్టే.

పగ్గం ఎలా పనిచేస్తుందో తేల్చింది రెండు కప్ప గుండెలు. 1921లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఆటో లోవీ అనే శాస్త్రవేత్త ఒక కప్ప గుండెను వాగస్ నరంతో సహా తీసి ఉప్పునీటి ద్రావణంలో ఉంచి, ఆ నరాన్ని విద్యుత్తుతో ప్రేరేపించాడు. గుండె నెమ్మదించింది. ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి రెండో గుండె మీద పోశాడు. దానికి ఏ నరమూ తగలకపోయినా అదీ నెమ్మదించింది. అంటే నరం చివర ఏదో రసాయనం ఊరుతోందన్నమాట. తర్వాత దాని పేరు అసిటైల్‌కోలిన్ అని తేలింది. ఈ ప్రయోగం తనకు కలలో తట్టిందనీ, మొదటి రాత్రి లేచి రాసుకున్న గీతలు పొద్దున చూస్తే అర్థం కాలేదనీ లోవీ చెప్పేవాడు. 1936లో హెన్రీ డేల్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. అసిటైల్‌కోలిన్ వచ్చి కూర్చునే చోట్లను ముందే ఆక్రమించేసి దాన్ని కూర్చోనివ్వకపోవడమే అట్రోపిన్ చేసే పని.

ఆ చోట్లు గుండెలోనే కాదు, లాలాజల గ్రంథుల్లో, చెమట గ్రంథుల్లో, ఊపిరి గొట్టాల్లో, పేగుల్లో, మూత్రాశయంలో, కంటిపాపలోనూ ఉన్నాయి. అందుకే ఈ సూది పడగానే నోరు ఎండిపోతుంది, చెమట ఆగుతుంది, కనుపాప పెద్దదవుతుంది, మలమూత్రాలు బిగుసుకుంటాయి. ఒక్క గుండె మీదే పనిచేయమని దానికి చెప్పే మార్గం లేదు.

ముందు గుండె సంగతి చూద్దాం. నాడి అరవై లోపు ఉన్నవాళ్ళందరూ రోగులు కారు. రోజూ పొలంలో ఒళ్ళొంచి పనిచేసే మనిషికో, పరుగు సాధన చేసే కుర్రాడికో నిద్రలో యాభైకి రావడం మామూలే. వైద్యులు చూసేది అంకెను కాదు, ఆ అంకె వల్ల మనిషికి ఏమవుతోందన్నది. తల తిరుగుతోందా, ఒళ్ళు చల్లబడి చెమటలు పట్టాయా, ఛాతీలో నొప్పి ఉందా, మాట తడబడుతోందా, బీపీ పడిపోయిందా అని చూస్తారు. ఇవేవీ లేకపోతే నాడి నలభై ఎనిమిదున్నా సూది అవసరం లేకపోవచ్చు. ఉంటే మాత్రం ఆలస్యం పనికిరాదు.

చాలాకాలం పెద్దవాళ్ళకు మొదటి మోతాదు అర మిల్లీగ్రాము అని రాసుకున్నారు. 2020లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ దాన్ని 1 మిల్లీగ్రాముకు పెంచింది. మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి మళ్ళీ ఇవ్వవచ్చు, మొత్తం 3 దాటకూడదు. తక్కువ ఇస్తే నష్టమేముంది, భద్రమే కదా అనిపిస్తుంది. అట్రోపిన్ విషయంలో అది తప్పుడు జాగ్రత్త. మరీ చిన్న మోతాదు, అర మిల్లీగ్రాముకు తక్కువైతే, గుండెను పెంచడానికి బదులు ఇంకా నెమ్మదింపజేయవచ్చు. భయపడుతూ సగం ఆంపూల్ ఎక్కించి ‘చూద్దాం’ అనుకునే పద్ధతికి ఇక్కడ చోటు లేదు.

గుండెపోటులో ఈ మందు ఎక్కువగా అక్కరకొచ్చేది గుండె కింది గోడ దెబ్బతిన్నప్పుడు. చాలామందిలో ఆ గోడకూ, లయను పుట్టించే కణుపులకూ రక్తం తెచ్చేది కుడి ధమనే. అది మూసుకుపోతే గుండె నెమ్మదిస్తుంది, వాగస్ కూడా రెచ్చిపోతుంది. అలాంటి మనిషికి ఒక మోతాదు అట్రోపిన్ ప్రాణాలు నిలబెట్టవచ్చు. ఆ చేత్తోనే ఎక్కువిస్తే గుండె అవసరానికి మించి పరుగెత్తి, అసలే రక్తం అందని కండరం మీద ఇంకా భారం పడుతుంది. ఈసీజీ కాగితం చూడకుండా సూది తీయకూడదని పెద్ద డాక్టర్లు కసురుకునేది ఇందుకే.

సిరిసిల్లలో మరమగ్గం మీద జీవితమంతా నిలబడి పనిచేసిన ఒక డెబ్బై ఏళ్ళ పెద్దాయన ఉన్నట్టుండి కూలబడ్డాడనుకుందాం. నాడి ముప్పై రెండు. ఈసీజీలో పైగదుల లయకూ కింది గదుల లయకూ సంబంధమే లేదు, కింది గీతలు వెడల్పుగా ఉన్నాయి. అంటే గుండె లోపలి తీగలే చెడిపోయాయి. ఎద్దు కాలే విరిగాక పగ్గం వదిలి ప్రయోజనమేముంది? ఇలాంటి పూర్తి హార్ట్‌బ్లాక్‌లో అట్రోపిన్ పనిచేయడం అరుదు. ఒకటి రెండు మోతాదులు ఇచ్చి చూసినా, దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా డోపమిన్ లేదా అడ్రినలిన్ డ్రిప్, ఛాతీ మీంచి ఇచ్చే తాత్కాలిక పేసింగ్, ఆ తర్వాత పేస్‌మేకర్ దారి పట్టాలి. శాశ్వత పేస్‌మేకర్ ఆరోగ్యశ్రీ కిందకు వస్తుంది కాబట్టి ఆ కుటుంబం ఖర్చుకు జంకి వెనక్కి పోనక్కర్లేదు. గుండె మార్పిడి చేయించుకున్నవారిలోనైతే కొత్త గుండెకు వాగస్ తీగే ఉండదు. వదలడానికి పగ్గమే లేదు కాబట్టి అట్రోపిన్ అక్కడ పనిచేయదు, ఒక్కోసారి చెరుపు కూడా చేస్తుంది. ఇక పూర్తిగా ఆగిపోయిన గుండెకు ఈ మందు ఇచ్చే అలవాటును 2010లోనే మార్గదర్శకాల నుంచి తీసేశారు.

ఇదంతా ఐదు ఆంపూళ్ళ లోపలి లెక్క. రెండో లెక్క మొదలయ్యేది వానాకాలంలో, పత్తికీ మిర్చికీ వరికీ మందు కొట్టే రోజుల్లో.

‘మందు తాగిండు సారూ, జల్ది సూడుండ్రి.’ ఉత్తర తెలంగాణ ఆసుపత్రుల గేటు దగ్గర వినబడే మాటల్లో ఇంతకన్నా గుండె జారిపోయేది మరొకటి లేదు. దానికి డాక్టరు వేసే మొదటి ప్రశ్న ‘ఏం మందు? డబ్బా తెచ్చిండ్రా?’ అన్నది. చాలాసార్లు జవాబు ‘తెల్వది సారూ, పత్తికి కొట్టేది’ అనే.

ఈ ప్రాంతంలో ఆ విషాదం ఎంత పెద్దదో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి రికార్డులు చెప్పాయి. 1997 నుంచి 2002 దాకా ఆరేళ్ళలో పురుగుమందు విషంతో అక్కడ చేరినవాళ్ళు 8,040 మంది. అందులో 22.6 శాతం బతకలేదు. 2002 కేసుల్ని విడిగా చూస్తే మూడింట రెండొంతుల మంది ముప్పై ఏళ్ళ లోపువాళ్ళు, నూటికి 96 మంది తమంతట తాము తాగినవాళ్ళు. ఏ మందో తెలిసిన మరణాల్లో ఎక్కువ భాగం రెండే మందుల ఖాతాలో పడ్డాయి. ఒకటి మోనోక్రోటోఫాస్, రెండోది ఎండోసల్ఫాన్. ఈ వివరాలు 2005లో ఒక అంతర్జాతీయ వైద్య పత్రికలో వచ్చాయి. పత్తి దెబ్బతిని అప్పులు మిగిలిన ఏళ్ళవి. సిరిసిల్ల నేతన్నల ఆత్మహత్యలు పత్రికల మొదటి పేజీకెక్కినదీ ఇంచుమించు అదే కాలం.

తాగినవాళ్ళే కాదు, కొట్టేవాళ్ళూ చస్తారు. 2017లో ఆదిలాబాద్‌కు ఆనుకుని ఉన్న మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ విషం సోకి 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. 2013లో బీహార్ సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయినప్పుడు వంట నూనెలో బయటపడింది కూడా మోనోక్రోటోఫాసే.

మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్ ఇవన్నీ ఆర్గానోఫాస్ఫరస్ కుటుంబం. ఈ కుటుంబానికి యుద్ధ వాయువులతో చుట్టరికం ఉంది. 1936లో జర్మనీలో పురుగుమందుల కోసం వెతుకుతున్న గెర్హార్డ్ ష్రాడర్ చేతికి చిక్కిన పదార్థమే టాబున్ అనే నరాల విషం. రెండేళ్ళకు సారిన్ వచ్చింది. 1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్ళలో దుండగులు వదిలింది ఆ సారిన్‌నే. అక్కడి డాక్టర్లు చేతిలోకి తీసుకున్నదీ అట్రోపిన్ సూదినే.

ఈ విషం చేసే పని, అసిటైల్‌కోలిన్‌ను ఎప్పటికప్పుడు ఊడ్చేసే కోలినెస్టరేజ్ అనే ఎంజైమును పట్టి కదలకుండా చేయడం. ఊడ్చే చెయ్యి ఆగిపోతే ఒళ్ళంతా అసిటైల్‌కోలిన్ పేరుకుంటుంది. నోట్లో నురుగ, కళ్ళలో నీళ్ళు, ఒళ్ళు తడిసేంత చెమట, సూదిమొనంత కనుపాప, నెమ్మదించిన గుండె. వీటన్నిటికంటే భయంకరమైంది ఊపిరితిత్తుల్లో ఊరే నీరు. మనిషి బయటి నీళ్ళు తాగకుండానే లోపలి నీళ్ళలో మునిగిపోతుంటాడు. అట్రోపిన్ ముఖ్యంగా ఆపాల్సింది దాన్నే.

అందుకే ఇక్కడ మోతాదుకు అంకె లేదు, గురి ఉంది. మొదట 1.8 నుంచి 3 మిల్లీగ్రాములు, అంటే మూడు నుంచి ఐదు ఆంపూళ్ళు. ఐదు నిమిషాలాగి చూస్తారు. చాలకపోతే దానికి రెట్టింపు. మళ్ళీ ఐదు నిమిషాలు, మళ్ళీ రెట్టింపు. మూడుతో మొదలుపెడితే మూడు, ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు. పావుగంటలో 45 మిల్లీగ్రాములు, అంటే 75 ఆంపూళ్ళు. ఊపిరితిత్తులు తేరుకున్నాక, అప్పటిదాకా పట్టిన మొత్తంలో పది నుంచి ఇరవై శాతం గంటగంటకూ డ్రిప్పులో పోతుండాలి. అంటే గంటకు ఏడున్నర నుంచి పదిహేను ఆంపూళ్ళు, రోజుకు నూట ఎనభై నుంచి మూడు వందల అరవై దాకా.

ఆ పావుగంట ఎలా ఉంటుందో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఒక సిస్టర్ ఆంపూల్ మెడకు గాజుగుడ్డ చుట్టి చిటుక్కున విరుస్తుంటుంది, ఇంకొకరు పెద్ద సిరంజిలోకి లాగుతుంటారు. హడావుడిలో గుడ్డ జారితే గాజు అంచు వేలిని కోస్తుంది. ఖాళీ ఆంపూళ్ళను పారేయరు, కిడ్నీ ట్రేలో పోగేస్తారు, తర్వాత లెక్క సరిచూసుకోవడానికి. రోగి బట్టలు కత్తిరించి తీసి, ఒళ్ళు సబ్బునీళ్ళతో కడుగుతారు. ఆ వాసన వార్డులో చాలాసేపు ఉంటుంది. ఐదు నిమిషాలకోసారి డాక్టరు ఐదు చూస్తాడు. స్టెతస్కోపులో గురగుర పోయిందా, నాడి ఎనభై దాటిందా, పై బీపీ ఎనభైకి ఎక్కిందా, కనుపాప విచ్చుకుందా, చంక ఆరిందా. చివరిది చూడటానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. చంకలో చెయ్యి పెట్టి చూడటమే.

ఇలా రెట్టిస్తూ పోవడం నిజంగా మేలా అన్న ప్రశ్నకు బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్‌లో జవాబు దొరికింది. 2012లో వచ్చిన ఆ పరిశోధనలో పాత పద్ధతిలో అప్పుడప్పుడూ కొంత కొంత సూది ఇచ్చిన 80 మందిలో 18 మంది చనిపోయారు. రెట్టింపు మోతాదులతో త్వరగా పట్టు బిగించి ఆ తర్వాత డ్రిప్పు పెట్టిన 75 మందిలో చనిపోయినవాళ్ళు ఆరుగురు. కొత్త మందేమీ లేదు, ఖరీదైన యంత్రమూ లేదు. ఉన్న ఆంపూల్‌నే లెక్క ప్రకారం వాడారు. పల్లె ఆసుపత్రులకు ఇంతకంటే పనికొచ్చే పరిశోధనలు అరుదు.

అతి ఎక్కడ మొదలవుతుంది? రెండో రోజో, ఆ రాత్రో ‘మావోనికి పిచ్చి లేసినట్టున్నది సిస్టర్’ అని ఇంటివాళ్ళు పరుగెత్తుకొస్తారు. రోగి గాల్లో దారాలేవో లాగుతుంటాడు, లేని మనుషులతో మాట్లాడతాడు, మంచం దిగి పోతానంటాడు. చేతులు మంచానికి గాజుగుడ్డతో కట్టాల్సి వస్తుంది. ఒళ్ళు కాలిపోతుంటుంది, పొట్టలో పేగుల చప్పుడు వినపడదు, మూత్రం బిగుసుకుంటుంది. ఇది అట్రోపిన్ ఎక్కువైన లక్షణం. డ్రిప్పు కాసేపు ఆపి, లక్షణాలు తగ్గాక తక్కువ వేగంతో మళ్ళీ మొదలుపెట్టాలి. ఒక్క నాడిని చూసి నిర్ణయిస్తే మోసపోతారు. జ్వరమున్నా, భయపడినా నాడి పెరుగుతుంది. చెమటే ఒంటిని చల్లబరుస్తుంది కాబట్టి దాన్ని ఆపే మందు మే నెలలో మరీ ప్రమాదం. జగిత్యాల జిల్లాలో ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఫ్యాను కూడా సరిగా తిరగని వార్డులో అట్రోపిన్ డ్రిప్పు పెట్టిన మనిషికి థర్మామీటరు పెట్టడం మర్చిపోతే విషం చేయలేని పని వడదెబ్బ చేస్తుంది.

ఇంకో చిక్కుంది. అట్రోపిన్ గ్రంథుల్లోని, గుండెలోని చోట్లనే కాపాడుతుంది, కండరాలను నడిపే చోట్లు దానికి లొంగవు. విషం తాగిన మనిషి కాస్త కోలుకుని, ఇంటివాళ్ళతో మాట్లాడి, ఇక గండం గడిచిందనుకున్న రెండో రోజో మూడో రోజో మెడ నిలపలేకపోతాడు, ఆ వెంటనే ఊపిరి తీసే కండరాలు సడలిపోతాయి. 1987లో శ్రీలంక డాక్టర్లు దీన్ని విడిగా గుర్తించి ప్రపంచానికి చెప్పారు. అప్పటి నుంచి వార్డుల్లో ‘తల దిండు మీంచి లేపు’ అని రోజుకు నాలుగైదుసార్లు అడగడం మొదలైంది. తల లేవకపోతే కావాల్సింది వెంటిలేటరు. ‘పామ్’ అని పిలిచే ప్రాలిడాక్సిమ్ ఈ కండరాల సంగతి చూసుకుంటుందని ఆశపెట్టుకున్నారు గానీ, శ్రీలంకలో జరిగిన ట్రయల్‌లో దానివల్ల ప్రాణాలు అదనంగా దక్కిన ఆధారం కనబడలేదు.

డాక్టరు మొదటే డబ్బా అడగడం వెనక అసలు కారణం, విషాలన్నీ ఒకే రకం కాకపోవడం. గడ్డిమందు తాగిన మనిషికి అట్రోపిన్ ఎంత ఎక్కించినా లాభం లేదు, ఆ విషం దారే వేరు. ఎండోసల్ఫాన్‌ది ఫిట్స్ తెప్పించే దారి. 2011లో సుప్రీంకోర్టు దాన్ని దేశమంతటా ఆపేసింది. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడొద్దని 2005లోనే ఉత్తర్వులొచ్చాయి. ఫోరేట్, డైక్లోర్వాస్, ట్రయజోఫాస్ 2020 చివరి నుంచి నిషేధంలో ఉన్నాయి. అట్రోపిన్ ఎన్ని వందల ఆంపూళ్ళు నిల్వ ఉంచినా, అంగడిలోంచి ఒక ఘోరమైన విషం తప్పుకుంటే దక్కేన్ని ప్రాణాలు దక్కవు. ఈ మాట అట్రోపిన్‌ను తక్కువ చేసి అంటున్నది కాదు.

పాము కాటులో అట్రోపిన్‌ది తోడు వెళ్ళే పాత్ర. నాగుపాము కరిచి కనురెప్పలు వాలిపోతున్నవాడికి విషం విరుగుడు సీరంతో పాటు నియోస్టిగ్మిన్ ఇస్తారు. ఆ నియోస్టిగ్మిన్ గుండెను నెమ్మదింపజేస్తుంది కాబట్టి ముందు ఒక ఆంపూల్ అట్రోపిన్. రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళను కరిచే కట్లపాము విషానికి మాత్రం ఈ జంట పెద్దగా పనిచేయదు, అది నరం చివరనే దెబ్బతీస్తుంది. ఎర్రతేలు కుట్టినప్పుడైతే అట్రోపిన్ జోలికి పోకపోవడమే మేలు. చెమటలు, నురుగ చూసి పురుగుమందు విషంలా ఉందని చేయి అటు పోతుంది గానీ, తేలు విషం బీపీని ఆకాశానికెత్తే రకం. దానికి ప్రాజోసిన్ మాత్ర పనిచేస్తుందని మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ చూపించారు. ఆయన పరిశీలనలు 1986లో లాన్సెట్‌లో వచ్చాయి.

కోరుట్లకు వస్తే ఇదే మందు పాకలోకి అడుగుపెడుతుంది. పీవీ నరసింహారావు పేరిట ఉన్న పశువైద్య విశ్వవిద్యాలయం కళాశాల ఒకటి ఇక్కడుంది. చుట్టూ పసుపు, మొక్కజొన్న, వరి పొలాలు. మందు కొట్టిన గట్టు మీద గడ్డి మేసినా, పిడుదులు పోతాయని పంటమందునే బర్రె ఒంటికి రాసినా పశువుకూ వచ్చేది అదే చొల్లు, అదే వణుకు, అదే గురగుర. పశువుల మోతాదు కిలో బరువుకు పావు మిల్లీగ్రాము అనుకుంటే మూడు వందల కిలోల బర్రెకు 75 మిల్లీగ్రాములు, మనుషుల ఆంపూళ్ళలో 125. కొంత నరానికి, మిగతాది చర్మం కిందకి ఇస్తారు. ఎక్కువైతే పశువుకు వచ్చే కష్టం మనిషికి రానిది. నెమరు ఆగిపోతుంది, పెద్దపొట్టలో గాలి చేరి ఉబ్బరం వస్తుంది. అందుకే పశువైద్యుడు ఎడమ డొక్క మీద చెయ్యి పెట్టి పొట్ట కదలికలు లెక్కపెడుతూ సూది ఇస్తాడు. లేత జొన్న నాము మేసి పడిపోయిన పశువును పురుగుమందు తిన్నదని పొరపడితే అట్రోపిన్ ఇచ్చిన సమయమంతా వృథా. లేత జొన్నలోది సయనైడ్ విషం, దాని విరుగుడు వేరు. కొన్ని కుందేళ్ళ ఒంట్లో అట్రోపిన్‌ను ముక్కలు చేసే ఎంజైమే ఉంటుంది, అవి ఈ మందున్న ఆకులు మేసి కూడా చెక్కు చెదరకుండా గంతులేస్తాయి.

ఆ ఆకులున్న మొక్కల కుటుంబం మనకు చాలా పాత పరిచయం. వేములవాడ రాజన్నకు, ఆ మాటకొస్తే ఏ శివుడికైనా ఇష్టమని పూలు తెచ్చే ఉమ్మెత్తలో అట్రోపిన్‌కు మూలమైన హయోసయమిన్ ఉంది. వినాయక చవితి నాటి ఇరవై ఒక్క పత్రిలో దత్తూర పత్రమంటే ఇదే. 1831లో జర్మన్ మందుల తయారీదారు మెయిన్ బెల్లడోనా వేరు నుంచి అట్రోపిన్‌ను విడదీశాడు. ఇప్పుడు ఆస్ట్రేలియాలో పండే డుబోయిసియా ఆకుల నుంచి కూడా తీస్తున్నారు. ఉమ్మెత్త గింజలు పొరపాటున తిన్న పిల్లాడికి వచ్చే ఎండిన నోరు, ఎర్రబడ్డ ఒళ్ళు, విచ్చుకున్న కళ్ళు, పిచ్చి మాటలు అన్నీ అట్రోపిన్ ఎక్కువైన రోగివే. రెండింటికీ విరుగుడు ఒకటే, పశ్చిమ ఆఫ్రికా కలబార్ గింజ నుంచి వచ్చిన ఫైసోస్టిగ్మిన్. అది అన్నిచోట్లా దొరకదు కాబట్టి చాలామందిని చల్లబరచి, నిద్రమందుతో శాంతపరచి, మూత్రానికి గొట్టం వేసి, మత్తు దిగేదాకా కాపలా కాస్తారు.

గ్లకోమా ఉన్నవారికీ, ప్రోస్టేట్ పెరిగిన పెద్దవారికీ ఈ మందు ఇచ్చేటప్పుడు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. ప్రాణం పోయే విషంలో మాత్రం ఆ ఆలోచనకు తావులేదు. ముందు ఊపిరి, తర్వాత కన్ను.

ఇంట్లోవాళ్ళు చేయగలిగింది కొద్దిగానే ఉంది, చేయకూడనిది ఎక్కువ. పేడనీళ్ళు, సబ్బునీళ్ళు, చింతపండు రసం పట్టించి కక్కించడం ఊపిరితిత్తుల్లోకి విషం పంపడమే. బట్టలు తీసేసి ఒళ్ళు కడగాలి, మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, 108కి ఫోన్ చేయాలి, డబ్బా వెంట తీసుకెళ్ళాలి. కడిగేవాళ్ళు తమ చేతులకు కవర్లు తొడుక్కోవాలి. మనసు అంచుకొచ్చినట్టున్న మనిషి ఇంట్లో ఉంటే పురుగుమందు డబ్బా ఇంట్లోంచి తీసేయాలి, మానసిక సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు పగలూ రాత్రీ ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఇక మిగిలింది దారి. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. కొన్నేళ్ళ కిందటిదాకా ఈ ఊళ్ళలో రాత్రిపూట వచ్చిన విషం కేసుకు దొరికే సలహా చాలావరకు ‘కరీంనగర్ తీస్కపోండ్రి’ అనే. కోరుట్ల నుంచి కరీంనగర్ డెబ్బై కిలోమీటర్ల పైనే. రెట్టింపు మోతాదులతో గురి అందుకోవడానికి పట్టేది పావుగంటో, అరగంటో. ఆ దారి ప్రయాణం అంతకు రెండు మూడు రెట్లు. ముందు అట్రోపిన్ పట్టించి, చంక ఆరాక, డ్రిప్పుతో బండెక్కించడం ఒక పద్ధతి. ఒక్క ఆంపూల్ ఇచ్చి పంపేయడం మరో పద్ధతి. రెండో పద్ధతిలో బయలుదేరిన మనిషి ఊపిరితిత్తులు దారిలోనే నిండిపోతాయి. రిఫరల్ చీటీ మీద ఏ మందు తాగాడో, ఎన్ని గంటలకు తాగాడో, ఇప్పటిదాకా ఎన్ని ఆంపూళ్ళు పోయాయో, డ్రిప్పు గంటకు ఎంతో రాసి ఉండాలి. అంబులెన్సులో ఆ ప్రయాణానికి సరిపడా ఆంపూళ్ళు, పైన ఇంకో ఇరవై ఉండాలి.